పాత డాబా మీద పై అంతస్తు వేసే ముందు చేయించిన బిల్డింగ్ టెస్ట్: నా అనుభవం, 5కి 4 స్టార్లు

పాత డాబా మీద ఇంకో అంతస్తు వేద్దామనే ఆలోచన మీ ఇంట్లో ఉంటే దయచేసి ఇది చివరిదాకా చదవండి. నేను ఈ సర్వీస్ కోసం వెతికినప్పుడు ఎవరు వస్తారు, ఏం చేస్తారు, ఎంత తీసుకుంటారు అని తెలుగులో వివరంగా రాసినది నాకు దొరకలేదు, అందుకే కాస్త పొడుగైనా అన్నీ రాస్తున్నాను.

మా ఇల్లు కాకినాడలో, సముద్రానికి మూడు కిలోమీటర్ల లోపే. 1995లో నాన్నగారు కట్టించారు. గ్రౌండ్ ఫ్లోర్ ఒక్కటే, పన్నెండు పిల్లర్లు, అన్నీ తొమ్మిదంగుళాల చదరం, పైన పిట్టగోడ, వెయ్యి లీటర్ల ట్యాంకు. రేపు పిల్లలు పైన వేసుకుంటారని ఆయన పిల్లర్ల రాడ్లు రెండడుగుల మేర పైకి వదిలించారు, మన ఊళ్ళలో సగం డాబాల మీద కనిపిస్తాయే, అలాగే. ముప్పై ఏళ్ళుగా ఆ రాడ్లు ఉప్పుగాలికీ వానకీ అలాగే నిలబడి ఉన్నాయి. నాన్నగారు లేరు. ఇప్పుడు తమ్ముడు, మరదలు ఊరికి తిరిగి వచ్చేస్తున్నారు కాబట్టి పైన రెండు గదులు, హాలు, వంటిల్లు వేయాలని అమ్మ పట్టుబట్టింది.

మేస్త్రిని పిలిచాం. ఆయన మేడ ఎక్కి కాలితో నాలుగుసార్లు గట్టిగా తొక్కి, పిల్లర్ మీద సుత్తితో కొట్టి, "రాయిలా ఉందండి అమ్మగారూ, ఇంకో రెండు అంతస్తులైనా మోస్తుంది" అన్నాడు. మావయ్య కూడా అదే మాట: "1996 నవంబర్ తుఫానుకే చెక్కు చెదరని ఇల్లు, దీనికి టెస్టులేంట్రా" అని. ఆ తుఫాను రాత్రి మేమంతా ఈ ఇంట్లోనే ఉన్నాం, చుట్టుపక్కల రేకులు, పెంకులు ఎగిరిపోతుంటే ఇది నిలబడింది, కాబట్టి ఆయన నమ్మకాన్ని నేను తక్కువ చేయను. కానీ అప్పుడు ఇంటి మీద పడింది పక్క నుంచి వచ్చే గాలి, అదీ ఒక్క అంతస్తు ఎత్తుకి. ఇప్పుడు మేం పెట్టబోయేది పై నుంచి నిలువుగా, రాత్రీ పగలూ ఇల్లు ఉన్నన్నాళ్ళూ దిగే బరువు. ఒకదాన్ని తట్టుకుందని రెండోదాన్నీ తట్టుకుంటుందని ఎలా చెప్తాం?

నాకు టెన్షన్ ఎందుకంటే, 2014 జూన్ 28న చెన్నై దగ్గర మౌలివాక్కంలో కడుతూ ఉన్న పదకొండు అంతస్తుల బిల్డింగ్ కూలి 61 మంది పోయారు. వాళ్ళలో చాలామంది మన శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి కూలికి వెళ్ళినవాళ్ళు. ఇంకొకటి 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర రాణా ప్లాజా. షాపులకీ ఆఫీసులకీ అని కట్టిన దాని మీద అనుమతి లేకుండా అంతస్తులు పెంచి, వాటిలో బట్టల ఫ్యాక్టరీలు, బరువైన జనరేటర్లు పెట్టారు. ముందు రోజే పిల్లర్లలో పగుళ్ళు కనిపించినా మర్నాడు పనివాళ్ళని లోపలికి పంపారు, 1,134 మంది చనిపోయారు. మా ఇల్లు అంత పెద్దది కాదు, నిజమే. కానీ కారణం మా ఇంటికీ వర్తించేదే: కింద వాడిన సరుకు ఎంత మోయగలదో తెలుసుకోకుండా పైన పెట్టడం.

సరే, సర్వీస్ సంగతి. ముందు ఇద్దరిని అడిగాను. ఒకరు ఎనిమిది వేలకి "సుత్తి టెస్ట్ చేసి రెండ్రోజుల్లో సర్టిఫికెట్ ఇచ్చేస్తాం" అన్నారు. వాళ్ళు చెప్పింది రీబౌండ్ హ్యామర్, పిల్లర్ మీద ఆనించి నొక్కితే లోపల స్ప్రింగ్ కొట్టి వెనక్కి ఎంత ఎగిరిందో ఒక అంకె చూపించే పరికరం. అది చెడ్డది కాదు, కానీ దాని ఒక్కదాని మీద ఆధారపడి కాంక్రీట్ బలం చెప్తే 25 శాతం అటూ ఇటూ తేడా రావచ్చని మన ఐఎస్ కోడ్‌లోనే (ఇండియన్ స్టాండర్డ్, అంటే దేశమంతా పాటించే ప్రమాణాల పుస్తకం) ఉంది. పైగా పాత కాంక్రీట్‌కి ఇంకో చిక్కు ఉంది, గాలిలో కార్బన్ డయాక్సైడ్ తగిలి తగిలి పైపొర గట్టిపడుతుంది, సుత్తి ఆ పైపొరనే కొడుతుంది, అంకె లేనంత బాగా వస్తుంది. ముప్పై ఏళ్ళ ఇంటికి అదొక్కటే చేసి సర్టిఫికెట్ ఇస్తామనేవాళ్ళని నేను నమ్మలేకపోయాను.

రెండోవాళ్ళు ఒక చిన్న టెస్టింగ్ ల్యాబ్. ఫోన్‌లోనే అడిగిన మొదటి మాట "డ్రాయింగ్స్ ఉన్నాయా అండీ" అని. ప్లాన్ అప్రూవల్ కాగితం తప్ప పిల్లర్ల డ్రాయింగ్ ఏదీ లేదన్నాను. అయితే రాడ్లు ఎన్ని, ఎంత లావు అన్నది కూడా మేమే కనిపెట్టాలి, రెండు రోజులు పడుతుంది, 42 వేలు ప్లస్ జీఎస్టీ అన్నారు. పునాది తవ్వి చూడటం అందులో లేదు, దానికి మళ్ళీ ఆరు వేలు. నాకు నచ్చని మొదటి విషయం ఇదే. అంతస్తు పెంచడానికి చేసే టెస్టులో పునాది చూడటం అదనపు పని ఎలా అవుతుంది? ముందే కలిపి చెప్పాలి.

వచ్చినవాళ్ళు ఒక ఇంజనీర్, ఇద్దరు కుర్రాళ్ళు. చెప్పిన టైముకి వచ్చారు. మొదటి రోజు పిల్లర్ల మీద ప్లాస్టరింగ్ అక్కడక్కడ జానెడు చదరం చొప్పున కొట్టేశారు, రాడ్లు ఎక్కడున్నాయో చూపించే మెషిన్‌తో గీతలు గీశారు, హ్యామర్ కొట్టారు, తర్వాత పిల్లర్‌కి అటూ ఇటూ రెండు గుండ్రటి బిళ్ళలు ఆనించి శబ్దం ఎంత వేగంగా లోపలి నుంచి దాటుతుందో చూశారు. లోపల గుల్ల ఉంటే, పగుళ్ళుంటే శబ్దం మెల్లగా వెళ్తుందట. సెకనుకి మూడున్నర కిలోమీటర్లు దాటితే మంచి కాంక్రీట్, మూడు కంటే తక్కువైతే అనుమానించాల్సిందే. మావి 2.8 నుంచి 3.3 మధ్యలో వచ్చాయి. ఆ అంకెలు చూసి ఇంజనీర్ ఏమీ అనలేదు, "కోర్‌లు తీద్దాం అండీ, అప్పుడే తేలుతుంది" అన్నాడు.

రెండో రోజు కోర్ కటింగ్. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఖర్చులో ఎక్కువ భాగం దీనికే, అందరూ భయపడేదీ దీనికే. పిల్లర్‌కి మూడంగుళాల గుండ్రటి కంత పెట్టి కాంక్రీట్‌ని కడ్డీలా బయటికి తీస్తారు. తొమ్మిదంగుళాల పిల్లర్‌లో మూడంగుళాలు తీసేస్తే ఎలా అని అమ్మ కంగారుపడింది. వాళ్ళు ముందుగా భీమ్ కింద రెండు వైపులా జాకీలు బిగించాకే మెషిన్ పెట్టారు, రాడ్డు తగలని చోటు గీసుకుని అక్కడే తీశారు, తీసిన కంతని ఆరాక కుంచించుకుపోని సిమెంట్ ముద్దతో (గ్రౌట్ అంటారు) అదే రోజు పూడ్చారు. మొత్తం నాలుగు తీశారు. ఒక్కోదానికి ముప్పావుగంట, నీళ్ళూ బురదా ఇల్లంతా. గుడ్డలు, ప్లాస్టిక్ కవర్లు మీరే సిద్ధంగా పెట్టుకోండి, వాళ్ళు తీసుకురారు.

కోర్ తీసిన కంతలో ఒక మందు కొట్టి చూపించారు. ఫినాఫ్తలీన్ అని ఇంటర్ కెమిస్ట్రీ ల్యాబ్‌లో చూసే ఉంటారు. కాంక్రీట్‌లో క్షారగుణం ఉన్నంత మేర గులాబీ రంగు వస్తుంది, పోయిన చోట రంగు రాదు. ఆ గుణమే లోపలి ఇనుముకి రక్షణ, అది ఉన్నంతకాలం రాడ్డు అంత తేలిగ్గా తుప్పు పట్టదు. మా వంటింటి పక్క పిల్లర్‌లో పై నుంచి 35 మిల్లీమీటర్ల దాకా రంగే రాలేదు. రాడ్డు ఉన్నది 25 మిల్లీమీటర్ల లోతులో. అంటే రాడ్డుకి రక్షణ ఎప్పుడో పోయింది. ఆ పిల్లర్ మొదట్లో రెండేళ్ళుగా పెచ్చులూడుతుంటే మేం ప్రతి సంక్రాంతికీ సిమెంట్ పూసి సున్నం వేయిస్తున్నాం. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి లోపలి నుంచి కాంక్రీట్‌ని తోసేస్తుంటే పైన పూత ఎన్నిసార్లు పూసినా ఆగదని ఆ రోజు అర్థమైంది.

పునాది గొయ్యి కూడా ఒకటి తవ్వించాం. ఐదడుగుల చదరం ఫుటింగ్ (పిల్లర్ కింద ఉండే వెడల్పాటి కాంక్రీట్ దిమ్మ), ఐదడుగుల లోతు, కింద మెత్తటి నల్లమట్టి.

రిపోర్ట్ పది రోజుల్లో ఇస్తామని 24 రోజులకి ఇచ్చారు. మధ్యలో నేను ఆరుసార్లు ఫోన్ చేశాను. ఒక స్టార్ తగ్గించడానికి ఇది ప్రధాన కారణం, మేస్త్రి, సెంట్రింగ్ వాళ్ళు అందరూ మా మాట కోసం ఆగి ఉన్నారు.

రిపోర్ట్ మాత్రం చాలా నిజాయితీగా ఉంది. అసలు విషయం ఇది.

నాన్నగారి ఫైల్‌లో సిమెంట్ బిల్లులు ఉన్నాయి, ఒకటి రెండు నాలుగు పాళ్ళలోనే వేయించారు, అంటే ఒక పాలు సిమెంట్‌కి రెండు ఇసుక, నాలుగు కంకర. దాన్ని ఎమ్ 15 అంటారు, 28 రోజుల తర్వాత చదరపు సెంటీమీటరుకి సుమారు 150 కిలోలు నలగకుండా మోయాలి. అప్పటి కోడ్ ప్రకారం ఆర్‌సీసీకి అది సరిపోయేది, 2000లో కోడ్ మారాక కనీసం ఎమ్ 20 అన్నారు. అదే ఎమ్ లెక్కలో 15 ఉండాల్సిన చోట మా నాలుగు కోర్‌లు 11.2, 9.6, 10.4, 12.1 వచ్చాయి. కోడ్ చెప్పేదేంటంటే కోర్‌ల సగటు అనుకున్న బలంలో 85 శాతం ఉండాలి, ఏ ఒక్కటీ 75 శాతం కంటే తగ్గకూడదు. మాకు సగటు 12.75 రావాలి, వచ్చింది 10.8. నాలుగింటిలో మూడు 11.25 కంటే కిందే ఉన్నాయి. అదే పిల్లర్ల మీద సుత్తి మాత్రం 18, 20 అని చూపించింది! ఎనిమిది వేల సర్టిఫికెట్ తీసుకుని ఉంటే మాకు ఎమ్ 15 దాటిన బిల్డింగ్ అని రాసిచ్చేవారు. ఇది తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడగా ఉంటుంది.

సిమెంట్ తగ్గించకుండా బలం ఎలా తగ్గింది? ఇంజనీర్‌ని అడిగితే పక్కాగా ఇదే అని చెప్పలేం గానీ ఎక్కువసార్లు నీళ్ళే కారణం అన్నాడు. అమ్మకి స్లాబ్ వేసిన రోజు బాగా గుర్తు: మే నెల ఎండ, చేత్తో కలపడం, పార పట్టడం లేదని బకెట్ల కొద్దీ నీళ్ళు పోస్తూనే ఉన్నారట. ఈ పాళ్ళకి 50 కిలోల బస్తాకి 32 లీటర్లు దాటకూడదని కోడ్‌లో ఉంది. ఎక్కువైన నీరు తర్వాత ఆవిరైపోయి ఆ చోట సన్నటి ఖాళీలు మిగులుతాయి, కాంక్రీట్ పైకి గట్టిగానే కనిపిస్తుంది కానీ బలం సగానికి పడిపోవచ్చు. పైగా ఆ వేసవిలో వీధిలో నీళ్ళ కరువు, పిల్లర్లకి గోనెసంచులు చుట్టి తడిపింది మూడు నాలుగు రోజులే. ఇందులో నాన్నగారి తప్పేమీ లేదు, ఆయన డబ్బు దగ్గర ఎక్కడా వెనకాడలేదు. ఎవరైనా పక్కన నిలబడి ఒక్క బకెట్ లెక్క చూసి ఉంటే చాలు, ఇది రాయాల్సిన అవసరం ఉండేది కాదు.

ఇప్పుడు బరువుల లెక్క, రిపోర్ట్‌లో ఉన్నదే నేను టన్నుల్లోకి మార్చి రాస్తున్నాను. మధ్య పిల్లర్ మీదకి పన్నెండడుగుల చదరం స్లాబ్ బరువు దిగుతుంది. ఐదంగుళాల స్లాబ్ ఒక్కటే చదరపు మీటరుకి 300 కిలోలు దాటుతుంది, దాని మీద సున్నపు తాపడం, మనుషులూ సామానూ, భీమ్‌లు అన్నీ కలిపి ఇప్పుడు ఆ పిల్లర్ మోస్తున్నది సుమారు 10 టన్నులు. కాంక్రీట్ నిజంగా ఎమ్ 15 అయి ఉంటే, లోపల నాలుగు 12 ఎంఎం రాడ్లతో, భద్రత కోసం వదలాల్సింది వదిలేశాక కూడా ఆ పిల్లర్ 29 టన్నులు మోసేది. ఉన్న కాంక్రీట్‌తో అది 22. అందులో రాడ్ల తుప్పు ఇంకా కలపలేదు.

మామూలుగా ఇటుక గోడలూ ఆర్‌సీసీ స్లాబ్‌తో పై అంతస్తు వేస్తే ఆ పిల్లర్ మీద మొత్తం పడేది 28 టన్నుల పైనే. చూశారా, కాగితం మీది కాంక్రీట్‌కి అది అంచున సరిపోతుంది, ఇంట్లో ఉన్న కాంక్రీట్‌కి సరిపోదు. ఇప్పుడు 10 టన్నులే మోస్తోంది కాబట్టే ముప్పై ఏళ్ళుగా బరువు వల్ల ఒక్క పగులు రాకుండా నిలబడింది, దాన్ని చూసే మేస్త్రి, మావయ్య, మేమంతా ఇల్లు గట్టిదనుకున్నాం. కొత్త అంతస్తు వేస్తే మర్నాడే కూలిపోతుందని ఇంజనీర్ అనలేదు, భద్రత కోసం ఉంచాల్సిన మార్జిన్‌ని రోజువారీ బరువుకే వాడేసుకుంటాం, ఆ తర్వాత తుప్పు పెరిగినా, ఒక భూకంపం వచ్చినా, పైన ఇంకో ట్యాంక్ పెట్టినా చేతిలో ఏమీ మిగలదు అన్నాడు.

పునాది లెక్క ఇంకా కంగారుపెట్టింది. కింది గోడల బరువు కూడా ఫుటింగ్ మీదకే వస్తుంది కాబట్టి ఇప్పుడే చదరపు మీటరుకి 8 టన్నులు పడుతోంది. అంతస్తు వేస్తే 16. ఆ మెత్తటి మట్టికి వాళ్ళు పెట్టిన పరిమితి 10. పిల్లర్లకి చుట్టూ నాలుగంగుళాలు కొత్త కాంక్రీట్, కొత్త రాడ్లు వేసి లావు చేయించడం ఒక దారి, జాకెటింగ్ అంటారు, కానీ కింద మట్టి అలాగే ఉన్నప్పుడు పిల్లర్ ఒక్కటి లావైతే ఏం లాభం, ఫుటింగులు కూడా పెంచాలి. పన్నెండు పిల్లర్లకీ ఆ పని చేయించే ఖర్చులో ఊరి బయట చిన్న స్థలం వస్తుంది. అందుకే చెప్తున్నాను, పునాది గొయ్యికి అడిగిన ఆరు వేలు ఇవ్వడానికి మాత్రం వెనకాడకండి.

వాళ్ళు ఇచ్చిన రెండో దారి మాకు నచ్చింది. పైన నాలుగంగుళాల ఏఏసీ బ్లాకుల (లోపల గాలి బుడగలుండే తేలికపాటి సిమెంట్ దిమ్మలు) గోడలు, పైకప్పు స్టీల్ ఫ్రేమ్ మీద రేకు. ఏఏసీ బ్లాక్ ఇటుకలో మూడో వంతు బరువే ఉంటుంది. ఇలా అయితే మధ్య పిల్లర్ మీద మొత్తం 15 టన్నుల లోపు, మట్టి మీద 10కి కాస్త లోపల. అదీ ముందు తుప్పు పట్టిన పిల్లర్లు రిపేర్ చేశాకే. బరువు తగ్గింది కదా అని నిశ్చింతగా ఉండటానికి లేదు, మన తీరంలో తుఫాను గాలికి తేలికపాటి కప్పు పైకి లేచిపోతుంది కాబట్టి స్టీల్ పోస్టులు స్లాబ్‌లోకి, భీమ్‌లలోకి ఎక్కడెక్కడ ఎన్ని బోల్టులతో బిగించాలో కూడా గీసి ఇచ్చారు. నాన్నగారు వదిలించిన ఆ రాడ్లు మాత్రం పనికిరావన్నారు. పైన సగానికి పైగా తినేసి ఉన్నాయి, వాటి వెంటే తడి కిందికి దిగుతోందట. కోయించేసి ఆ చోట్లు పూడ్పించాం. అమ్మ ఆ రోజు మేడ మీదకి రాలేదు.

ఇంకా నచ్చనివి చెప్తాను. రిపోర్ట్ 38 పేజీలు, అంతా ఇంగ్లీషే. ఇంటి యజమాని మా అమ్మ, నిర్ణయం తీసుకోవాల్సింది ఆవిడ, ఆవిడకి అర్థమయ్యేలా ఒక్క పేజీ తెలుగులో ఇవ్వకపోతే ఎలా? అడిగితే ఇంజనీర్ నలభై నిమిషాలు ఫోన్‌లో ఓపికగా అమ్మకి చెప్పాడు, "అమ్మా, మీ ఇల్లు మీకు సరిపడా గట్టిగానే ఉంది, ఇంకొకరి ఇల్లు నెత్తిన పెట్టుకునేంత గట్టిగా లేదు" అన్నాడు, ఆ మాటతో అమ్మకి ఒక్కసారిగా విషయం బోధపడింది, మావయ్యకి కూడా ఆవిడే చెప్పి ఒప్పించింది. ఆ మాట రిపోర్ట్‌లో ఉండాల్సింది. అలాగే కోర్ తీసి పూడ్చిన నాలుగింటిలో ఒకటి తడితే గుల్లగా మోగింది. చెప్తే వారంలో వచ్చి తీసేసి మళ్ళీ పూడ్చారు, డబ్బు అడగలేదు.

బుక్ చేసేవాళ్ళు ముందే అడగాల్సినవి: కోర్‌లు కనీసం మూడు తీస్తారా, పునాది చూస్తారా, రాడ్ల లావూ తుప్పూ రాస్తారా, చివర్లో "ఇంత బరువు పెట్టవచ్చు" అని అంకెతో సంతకం చేసి ఇస్తారా. ఈ నాలుగో దానికి తటపటాయించేవాళ్ళకి అడ్వాన్స్ ఇవ్వకండి.

ప్రస్తుతం పిల్లర్ల రిపేర్ అయిపోయింది, ప్రతి పిల్లర్‌కి వాడిన నీళ్ళు ఈసారి నేనే దగ్గరుండి కొలిపించాను, తడిపిన గోనెసంచులు పది రోజులు తీయలేదు. వచ్చే నెల బోల్టులు దింపాక వాటిని మెషిన్‌తో లాగి చూసే టెస్ట్‌కి ఇదే ల్యాబ్ వాళ్ళు మళ్ళీ వస్తారు. ఈసారి రిపోర్ట్ చెప్పిన టైముకి ఇస్తే ఆ ఐదో స్టార్ కూడా ఇచ్చేస్తాను.